మల్లె వాసన వేయని స్నో

రాయచోటిలో బస్సు దిగేసరికి గోపన్న చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. బస్సు పైనుంచి పెట్టె దించుకొని, నడవడానికి మోకాళ్లు ఒప్పుకోక కాసేపు దానిమీదే కూర్చున్నాడు. పెట్టెలో వరిగడ్డి మధ్య సర్దిన స్నో సీసాలున్నాయి. పొద్దున కడపలో బయలుదేరినప్పుడు రెండు దుకాణాలు చూసుకొని మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్లాలనుకున్నాడు. ఇప్పుడు ఆ రెండు దుకాణాల దాకా నడవడమే పెద్ద పనిగా తోచింది.

ఆయనకు యాభై రెండేళ్లు. పద్దెనిమిదేళ్లు ఆసుపత్రిలో కాంపౌండరుగా నిలబడి నిలబడి మోకాళ్లు అరగ్గొట్టుకున్నాడు. ఆ పని వదిలేసి, తెలిసిన విద్యతో ఇంట్లోనే మొహానికి పూసుకొనే స్నో చేయడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. మైనంలాంటి తెల్లటి పలుకులు కరిగించి, పొటాషు నీళ్లు, గ్లిజరిను పోసి, చల్లారేదాకా ఆపకుండా కలపాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు మల్లె ఎసెన్సు వేయాలి. ఆ కలిపే పని ఆయన భార్య తిరుపతమ్మది. ‘సిరిమల్లె స్నో’ అని పేరు పెట్టుకున్నారు. కర్నూలు రాజధాని అయ్యాక అక్కడికి చేరిన ఉద్యోగుల ఇళ్లకూ ఆ సీసాలు వెళ్లాయి. పూసుకుంటే సాయంత్రం దాకా వాసన నిలవాలని దుకాణాలవాళ్లు అడుగుతుంటే, పోయిన ఏడాదినుంచి ఎసెన్సు రెండింతలు వేస్తున్నారు.

గాజుల దుకాణం కంబన్న ఆయన్ను చూసి ఎప్పటిలా నవ్వలేదు.

“కూచోప్పా గోపన్నా. సీసాలు ఇప్పుడే దించొద్దు. నీతో ఒక మాట ఉండాది.”

“ఏమైంది?”

“ఆడపిల్లల బడిలో రామేశ్వరమ్మ అని టీచరుండాది. మన కాడనే స్నో కొంటాది. ఆయమ్మకు మొగమంతా మచ్చలొచ్చినాయి. పెద్దరోగమని ఊర్లో అంటాండారు. డాక్టరు కాయితం తెచ్చేదాకా బడికి రావద్దన్నారంట.”

“అయ్యో. దానికీ నా స్నోకూ ఏం సంబంధం?”

“ఆయమ్మ తల్లి నిన్న ఈడికొచ్చి సీసా నా ముందర పెట్టింది. ఇది పూసుకున్నంకనే ఇట్లయిందని నలుగురిలో అరిచింది. నేనేం చెప్పాల?”

గోపన్నకు కోపం వచ్చింది. “గడ్డం గీసుకున్నంక నేను పూసుకొనేదీ ఇదే. ఆరేండ్లాయ. నా మొగం చూడు.”

“నీ మొగానికేమప్పా, బాగుండాది. ఆయమ్మ మొగం చూసొచ్చి మాట్లాడు.”

వెళ్లాలని ఆయనకు లేదు. బస్సుకింకా వేళ ఉంది, రెండో దుకాణం చూసుకొని వెళ్లిపోవచ్చు. కానీ పెద్దరోగం, అంటే కుష్టు, అనే మాట ఆయన్ను వదల్లేదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆ మాటతో ఇళ్లు వదిలి వచ్చినవాళ్లను చూశాడు. అందులో కొందరికి ఉన్నది వట్టి తామర. పెట్టె కంబన్న దగ్గరే వదిలి, దారి అడుగుతూ బయలుదేరాడు.

రామేశ్వరమ్మ, ఆమె తల్లి సుంకమ్మ బడి వెనక సందులో ఒంటి గదిలో ఉంటున్నారు. గోపన్న ఎవరో తెలియగానే సుంకమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. లోపలినుంచి కూతురే “రానీమ్మా” అంది. పాతికేళ్ల మనిషి. పైట మొహం మీదికి లాక్కొని గోడవైపు కూర్చుని ఉంది.

“నేను ఆసుపత్రిలో పనిచేసినోణ్ణి తల్లీ. ఒకసారి చూపిచ్చు” అన్నాడు గోపన్న.

ఆమె మొహం మీది పైట తొలగించింది. రెండు చెంపలూ ఎర్రగా వాచి పొరలు లేస్తున్నాయి. కనురెప్పలు బరువెక్కి ఉన్నాయి. మెడ పక్కల చర్మం నల్లబడి, అక్కడక్కడ రసి కారి ఎండిపోయింది. చేతుల వెనకవైపు కూడా కొంచెం లేచింది. వేళ్లకు మిగిలిన స్నో అక్కడే రుద్దుకొని ఉంటుందని ఆయనకు వెంటనే తోచింది. తోచినందుకు బాధ కలిగింది.

“దురద పెడతాందా?”

“దురదనా అయ్యా! గోకి గోకి చాలయిపోతాది.”

“ఆ రోగం మచ్చకు దురదుండదు. ముట్టుకున్నా తెలీదు. కండ్లు మూసుకో, నేను యాడ తాకుతానో చెప్పు.”

జేబురుమాలు అంచునుంచి ఒక దారప్పోగు లాగి, దాని కొసతో చెంప మీద తాకించాడు. “ఈడ” అందామె. మెడ మీద తాకించాడు. “ఈడ.” కనురెప్ప దగ్గర, ముంజేతి మీద, నల్లబడిన చోట కూడా తాకించాడు. ప్రతిసారీ చెప్పింది. ఆయన దారం పక్కన పెట్టేశాక కూడా కళ్లు తెరవకుండా, “ఇంకొక్కసారి తాకండయ్యా” అంది. ఆయన మళ్లీ మొదటినుంచీ తాకించాడు.

“ఆ రోగం కాదు తల్లీ. నాకు నమ్మకముండాది. అయితే మచ్చలొచ్చినంక స్నో పూసేది ఆపినావా?”

“ఆపలేదయ్యా. మచ్చలు కనపడకుండా ఇంకా ఎక్కువ పూసినా. దినానికి మూడు తూర్లు. నిన్న మాయమ్మ సీసా లాక్కొని పోయిందాకా.”

గోపన్న దారప్పోగు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, కడపకు వస్తే తనకు తెలిసిన నర్సుకు చూపించి, డాక్టరు చేత కాగితం రాయిస్తానని చెప్పాడు.

“నీ స్నో తప్పేం లేదని రాయించుకొనేదానికా?” అంది సుంకమ్మ.

“తప్పు దేంట్లో ఉండాదో నాకూ తెల్లేదమ్మా. తెలుసుకుందాం రాండి.”

పెట్టె తిరిగి తీసుకొని ముగ్గురూ ఎక్కిన మధ్యాహ్నం బస్సులో కండక్టరు తల్లీకూతుళ్లను వెనక సీటులోకి పంపించాడు. దాని ముందు వరసలో కూర్చున్న ఇద్దరు రైతులు లేచి ముందుకు వెళ్లిపోయారు. గోపన్న వచ్చి ఆ ఖాళీ వరసలో కూర్చున్నాడు. కడప చేరేదాకా ఆయన పక్కకు ఎవరూ రాలేదు.

వాళ్లను ఇంటికి తీసుకురావడం తిరుపతమ్మకు నచ్చలేదు. భర్తను వంటింట్లోకి పిలిచి మెల్లగా కసిరింది. “ఆ మొగం చూసినావా? నట్టింట్లోకి తెచ్చినావే!”

“ఆ రోగం కాదని చెప్తాండా కదా.”

“చెప్పేదానికి నువ్వేమన్నా డాక్టరువా?”

తల్లీకూతుళ్లిద్దరికీ ఆమె కంచాల్లో కాకుండా విస్తళ్లలో వడ్డించింది. రామేశ్వరమ్మ అది గమనించింది. తిని, తన విస్తరి తానే మడిచి వీధి చివరి దాకా వెళ్లి పారేసి వచ్చింది.

మరుసటి రోజు పొద్దున అందరూ ఆసుపత్రికి, విశ్వాసమ్మ దగ్గరికి వెళ్లారు. గోపన్నతో ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసిన నర్సు ఆమె. అంతకుముందు మద్రాసులో చర్మ రోగాల వార్డులో ఉండేది. రామేశ్వరమ్మ మొహం చూసి ఆమె వెనక్కి జరగలేదు. గడ్డం పట్టుకొని వెలుతురువైపు తిప్పింది. డాక్టరు కూడా వచ్చి చూశాడు. సూది మొనతో, దూదితో పరీక్ష చేసి, చెవి తమ్మెలు, మోచేతి నరాలు తడిమి, పెద్దరోగం కాదని చెప్పాడు. కానీ అది కాకపోతే ఏమిటో కూడా రాయకుంటే బడివాళ్లు ఆ కాగితం నమ్మరని అన్నాడు.

“దానికి నా కాడ ఉపాయముండాది” అంది విశ్వాసమ్మ. “కాంపౌండరూ, వాసన వేయని స్నో కొంచెం, వేసింది కొంచెం తీసకరా. ఆ ఎసెన్సు కూడా.”

గోపన్న అన్నీ తెచ్చాడు. విశ్వాసమ్మ మూడు చిన్న గుడ్డ ముక్కలు కత్తిరించింది. ఒకదానికి వాసన వేయని స్నో, ఒకదానికి వాసన వేసిన స్నో రాసింది. మూడోదానికి ఒక్క చుక్క ఎసెన్సును కొబ్బరినూనెలో కలిపి రాసింది. మూడింటినీ రామేశ్వరమ్మ ముంజేతి లోపలివైపు వరసగా పెట్టి, అంటుకొనే పట్టీలు వేసింది. రెండు రోజులు తడపవద్దంది.

“నాకూ వెయ్యి సిస్టరమ్మా” అని గోపన్న చెయ్యి చాపాడు.

తిరుపతమ్మ కూడా ముందుకొచ్చింది. “నాకూ వెయ్యి. ఆరేండ్లనుంచి కలిపేది నేనే. నాకేం కాలేదని తేలితే అందరూ గమ్మునుంటారు.”

ఆ రెండు రోజులూ అందరూ ఇంట్లోనే ఉన్నారు. ఎండకు బయటికి వెళ్తే చెమటకు పట్టీలు తడుస్తాయి. స్నో చేసే గది తలుపు మూసే ఉంచారు. సుంకమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, మధ్యలో తిట్టడానికి నోరు తెరిచి, ఎవరిని తిట్టాలో తేలక ఊరుకొనేది. రెండో రోజు సాయంత్రం రామేశ్వరమ్మ తనంతట తానే తిరుపతమ్మతో చెప్పుకొచ్చింది.

“బడికి రావద్దని పెద్ద టీచరమ్మ తరగతి వాకిట్లో నిలబడే చెప్పిందక్కా. లోపలికి రాలేదు. నేను సంచి తీసుకొని బయటికొచ్చినంక ఎనక్కి తిరిగి చూస్తే, నా కుర్చీ ఎండలో పెట్టి కడుగుతాండారు. పిల్లోళ్లంతా చూస్తాండారు.”

 ఆ పూట తిరుపతమ్మ విస్తళ్లు తీయలేదు. కంచాలు పెట్టింది.

పట్టీలు విప్పేటప్పుడు విశ్వాసమ్మ మొదట గోపన్న చెయ్యి చూసింది. మూడు చోట్లా ఏమీ లేదు. రామేశ్వరమ్మ చేతి మీద వాసన వేయని స్నో పెట్టిన చోట చర్మం మామూలుగా ఉంది. వాసన వేసిన చోట ఎర్రగా కందింది. ఎసెన్సు ఒక్క చుక్క వేసిన చోట చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి.

తర్వాత విశ్వాసమ్మ తిరుపతమ్మ చేతి పట్టీలు విప్పింది. ఆమెకు కూడా రెండు చోట్ల ఎర్రగా లేచింది. ఎసెన్సు పెట్టిన చోట గట్టిపడి ఉబ్బింది.

 విశ్వాసమ్మ ఆ చెయ్యి వదలకుండా వెల్లకిలా తిప్పి వేళ్లు చూసింది. వేలి కొసలన్నీ పగుళ్లు. కొన్ని పగుళ్లలో నెత్తురు ఎండి నల్లబడింది.

“ఇవి ఎప్పట్నుంచి?”

“పోయినేటి నుంచి. పొటాషు నీళ్లకనుకున్యా. నెయ్యి పూసుకుంటాండా.”

“ఇంట్లో కాంపౌండరును పెట్టుకొని చెప్పలేదా?”

“ఆయన మోకాళ్ల బాధ ఆయనకుండాది. నా యేళ్ల సంగతి ఏమని చెప్పేది?”

గోపన్న భార్య చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు. రోజూ ఆ చేత్తోనే అన్నం పెడుతుంది. మోకాళ్లకు ఆముదం రాసేది కూడా ఆ చేతులే. రాసేటప్పుడు గరుకుగా తగులుతుంటే, పనిచేసే చేతులు కదా అనుకున్నాడు. అంతకుమించి ఆలోచించలేదు.

“ఇది ఇసమేం కాదు కాంపౌండరూ” అంది విశ్వాసమ్మ, ఆయన మొహం చూసి. “శానామందికి ఏమీ చెయ్యదు. నీకు చెయ్యలే. కొందరి ఒంటికి పడదు. ఎక్కువ తగిలేకొద్దీ అట్లాటోళ్లు ఎక్కువైతారు. ఒకసారి పడలేదంటే ఇంగ ఎప్పటికీ పడదు. చుక్క తగిలినా లేస్తాది.”

“ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో ముందే తెలిసేదెట్ల?”

“తెలీదు. ఇట్ల పెట్టి చూడాల్సిందే.”

డాక్టరు కాగితం రాశాడు. సుంకమ్మ దాన్ని కొంగులో ముడేసుకుంది. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు, ముందు తిట్టినందుకు ఏమన్నా అంటుందేమోనని గోపన్న అనుకున్నాడు. ఆమె ఏమీ అనలేదు. ఆమె బిడ్డ మొహం ఇంకా అట్లాగే ఉంది మరి.

కాగితం చూపించాక కూడా బడివాళ్లు నెల రోజులు ఆగమన్నారు. ఆ నెలలో వాపు తగ్గింది, పొరలు రాలిపోయాయి. మెడ మీద నలుపు మాత్రం మిగిలింది. బడిలోకి తీసుకొని అయిదో తరగతికి బదులు మూడో తరగతి ఇచ్చారు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు పిల్లలను మానిపించారు. తాగడానికి ఆమెకు వేరే చెంబు పెట్టారు. ఎవరు పెట్టమన్నారో తెలియదు, ఎవరు తీశారో కూడా తెలియదు, శ్రావణం వచ్చేసరికి ఆ చెంబు అక్కడ లేదు. ఇవన్నీ కంబన్న దుకాణానికి వెళ్లినప్పుడల్లా గోపన్న అడిగి తెలుసుకొనేవాడు.

ఆయన స్నో సంగతి అంత తొందరగా తేలలేదు. తల్లీకూతుళ్లు వెళ్లిన మొదటి వారంలోనే ఎసెన్సు లేకుండా ఒక వాయి చేశాడు. వేళ్లు మానలేదని తిరుపతమ్మను దగ్గరికి రానివ్వకుండా తానే స్టూలు మీద కూర్చొని కలిపాడు. తీసుకెళ్లి ఇస్తే, కంబన్న మూత తీసి మొహం చిట్లించాడు.

“ఏందప్పా ఇది? కొవ్వొత్తి వాసనొస్తాది.”

“వాసన కోసం కాదు కదా, మొగానికి పూసుకొనేదానికి.”

“ఆడోళ్లు మూత తీసినంక మొదట చూసేది వాసనే. నాకు తెల్దా? ముప్పై ఏండ్లుగా అమ్ముతాండా.”

చాలా సీసాలు తిరిగి వచ్చాయి. అప్పుడు ఎసెన్సు పాత లెక్కకు, అంటే సగానికి తగ్గించి, వాసన ఉన్నది ఒకటి, లేనిది ఒకటి రెండు రకాలు చేయాలనుకున్నాడు. వాసన ఉన్న సీసాతోపాటు ఒక చీటీ పెట్టాలనుకొని అచ్చు వేయించాడు. ‘మొదట మోచేతి మడతలో పూసి రెండు దినాలు చూడవలెను. దురద పెట్టినచో వాడరాదు’ అని అందులో ఉంది. ప్రెస్సు యజమాని దావీదురాజు ప్రూఫు చదివి నవ్వాడు.

“నీ సరుకును నువ్వే తిట్టుకుంటాండావే గోపన్నా!”

“తిట్టేది కాదప్పా, చెప్పేది.”

కంబన్న ఆ చీటీలు తీసి పారేసి అమ్మాడు. అది తెలిశాక గోపన్న సీసాకు అంటించే కాగితం మీదే ఆ మాటలు అచ్చు వేయించాడు. దాంతో కంబన్న సీసాలు తీసుకోవడమే మానేశాడు. బొంబాయి స్నో ఒకటి తెచ్చి ఆ అరలో పెట్టుకున్నాడు. దాని వాసన దుకాణం బయటికే వచ్చేది.

ఎసెన్సు అమ్మిన బొంబాయి వ్యాపారికి గోపన్న జరిగిందంతా ఇంగ్లీషులో ఉత్తరం రాయించాడు. ఎన్నో ఊళ్లకు తాము సరుకు పంపుతున్నామని, ఇంతవరకు ఎవరినుంచీ ఫిర్యాదు లేదని, కలిపేవాళ్లు చేతులు శుభ్రంగా కడుక్కుంటే మంచిదని జవాబు వచ్చింది. చదివి వినిపించిన వకీలు గుమాస్తా, “వాళ్లు చెప్పేదీ నిజమే కదా” అన్నాడు. గోపన్న కాదనలేకపోయాడు. రాయచోటిలో ఆ రోజు కంబన్న ముందర తాను చెప్పిందీ ఇంచుమించు ఇదే.

ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా దుకాణంలో సీసాలు దించేముందు అడగడం మొదలుపెట్టాడు. ఎవరికైనా దురద పెట్టిందా, మొహం కందిందా అని. చాలాచోట్ల లేదన్నారు. ప్రొద్దుటూరులో మాత్రం దుకాణదారు అక్క గురమ్మ లోపలినుంచి వచ్చి చెప్పింది.

“నాకు పెట్టిందప్పా. రెండు దినాలకే మొగం మండిపాయ. సీసా దిబ్బలో పారేసినా.”

“ఎప్పుడమ్మా?”

“పోయిన దసరాకు.”

“మరి ఎవురికీ చెప్పలేదే?”

“ఎవురికి చెప్పాల? ఎండకు అట్లయిందన్నాడు మా తమ్ముడు. నువ్వు వచ్చేవాడివి, సీసాలిచ్చి పోయేవాడివి. నన్నడిగితే కదా చెప్పేది.”

 ఆయన వాసన వేయని సీసా ఒకటి ఆమెకివ్వబోయాడు. ఆమె దాన్ని తీసుకోలేదు.

దసరా దాటాక ఒక ప్రైవేటు డాక్టరు మందుల గదిలో పొద్దుటిపూట పనికి కుదిరాడు. కూర్చొని చేసే పని కాబట్టి మోకాళ్లకు ఫరవాలేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి స్నో కలిపేవాడు. వాసన వేయనిది తిరుపతమ్మ కలిపేది, వేసింది ఆయన కలిపేవాడు. ఎసెన్సు మూత తీస్తే ఆమె వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చొనేది. ఆమె వేళ్లు చలికాలానికి మెత్తబడ్డాయి. ఒక్కసారి మాత్రం, ఆయన కలిపిన గిన్నె తోమి, మళ్లీ పగుళ్లు తెచ్చుకుంది.

ఆ రోజు ఆమె పనంతా ముగించి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

“ఇంగ ఆ వాసనది మానేద్దాం.”

“అది మానేస్తే మిగిలేదేముంది? వాసన లేనిది ఎవురూ కొనరు.”

“కొందరన్నా కొంటాండారు కదా. ఆసుపత్రి నర్సులు కొంటాండారు. తన బడిలో ఇద్దరు టీచర్లు కావాలన్నారని రామేశ్వరమ్మ రాసింది. అది చాలదా?”

“చాలదు తిరుపతమ్మా.”

“చాలదని నాకూ తెలుసు. ఆ వాసనది కలిపేదానికి నేను రాలేను. నువ్వొక్కనివే కలపలేవు. పొద్దున్నంతా మందుల గదిలో కూచొని వస్తావు, వచ్చి మళ్లీ ఆ గిన్నె ముందర కూచుంటావు. నడుం పట్టేసి రాత్రి మూలుగుతాండావు. నేను వింటానే ఉండా.”

గోపన్న ఆమెకేసి చూశాడు. తాను మూలుగుతున్నట్టు ఆయనకే తెలియదు.

“ఇంకా పదహైదు సీసాలకు సరిపడా కలిపి పెట్టినా. అది ఏం చేయాల?” అన్నాడు.

“చీటీ చదువుకొని కొనేవాళ్లకు ఇద్దాం. మిగిలితే మిగలనీ.”

ఆయన సరేనన్నాడు. పెద్ద నిర్ణయం చేసినట్టు ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదు. తిరుపతమ్మ నీళ్లు కాచడానికి లేచింది. గోపన్న గోడ పట్టుకొని, ఒక్కో మోకాలూ కూడదీసుకొని, మెల్లగా ఆమె వెనకే లేచాడు.